పరాయి కుక్కకు పెట్టకూడదు

డాగ్ షోలో మనుషులకు పేర్లుండవు. "డాబర్‌మన్ గారు వచ్చారా?", "పగ్ మేడమ్ ఈసారి కనపడలేదేంటండీ?" అని అడుగుతారే తప్ప, ఆ తాడు పట్టుకున్న మనిషి ఎవరో ఎవరికీ పట్టదు. పగ్ మేడమ్ విజయవాడలో పేరున్న దంతవైద్యురాలని నాకు పన్ను నొప్పి వచ్చి వెళ్ళినప్పుడుగానీ తెలియలేదు. కుర్చీలో పడుకోబెట్టి, నోరు తెరిపించి, "అరె, ల్యాబ్ మేడమ్, మీరా!" అన్నారావిడ. నోట్లో ఏవేవో పెట్టి ఉండటంతో తల మాత్రం ఊపాను.

ల్యాబ్ మేడమ్‌ని నేనే. మా వాడు లాబ్రడార్. బెల్లం రంగు, వెడల్పాటి తల, తిండి దగ్గర సిగ్గూ ఎగ్గూ లేని స్వభావం.

నన్ను ఈ లోకంలోకి లాగింది జర్మన్ షెపర్డ్ గారు. అంటే ఆ జాతి కుక్కను పెంచుకునే పెద్దాయన. ఇరిగేషన్‌లో ఇంజనీరుగా చేసి రిటైరయ్యారు. ఆదివారాలు పొద్దున్నే మా పటమటలో ఓ ఖాళీ స్థలంలో కొత్తవాళ్ళకు కుక్కను నడిపించడం నేర్పేవారు. "నేర్పేది కుక్కలకు కాదండీ, మీకు. వాటికి బుద్ధి ఉంది" అని మొదటిరోజే మా మొహాన చెప్పేశారు. నాకు కోపం వచ్చింది. వారం తిరిగేసరికి ఆయన మాటే నిజమని ఒప్పుకోవాల్సి వచ్చింది.

ఆయన నేర్పిన మర్యాదలు ఎన్నో. రెండు కుక్కలను ముక్కూ ముక్కూ కలపనివ్వకూడదు. ఎదుటివాళ్ళ కుక్కను ముట్టుకోవాలంటే ముందు వాళ్ళను అడగాలి. తాడు పొట్టిగా పట్టుకోవాలి, కానీ బిగించకూడదు. బిగిస్తే మన చేతిలో భయం తాడు వెంట నడిచి కుక్కను చేరుతుందట. మన కుక్క చేసింది మనమే కవర్లో ఎత్తుకోవాలి, మొహం అటు తిప్పుకుని నడిచిపోతే ఆ తర్వాత ఆ గ్రౌండులో ఎవరూ మన మొహం చూడరు. ఓడిపోయినా సరే, గెలిచినవాళ్ళ దగ్గరికెళ్ళి "మీ వాడు బాగా నడిచాడండీ" అనాలి. ఇవన్నీ ఒక ఎత్తయితే, పరాయి కుక్కకు ఏమీ పెట్టకూడదన్నది ఒక్కటీ ఒక ఎత్తు. దాని కడుపు సంగతి మనకు తెలియదు, పైగా ఒకసారి మన చేతిలో తిన్నాక అది తన యజమాని మాట వినడం మానేసి మన చేతినే చూస్తుంది. ఈ చివరి మర్యాద మన కృష్ణా జిల్లా వాళ్ళకు మాత్రం చచ్చినా వంటబట్టదని ఆయన బెంగ.

మనకున్న మర్యాదలేమో అక్కడ పనికిరావు. నా మొదటి షోలో కుక్కలను నడిపించే రింగు గేటు దగ్గర అందరం "ముందు మీరు పదండి", "అబ్బే, మీరే పదండి" అనుకుంటూ నిలబడిపోయాం. పైన మనుషులం ఇలా మొహమాటపడుతుంటే కింద కుక్కలు ఒకదాని కిందనుంచి ఒకటి దూరి తాళ్ళన్నీ జడలా అల్లేశాయి. గ్రేట్ డేన్ నడుముకు పామరేనియన్ వేలాడింది. ఆ చిక్కు విప్పేసరికి తల ప్రాణం తోకకొచ్చింది. "దయచేసి ఈ రింగులో ఎవరూ ఎవర్నీ గౌరవించకండి" అని మైకులో చెప్పారు జడ్జి.

ఇంకో తమాషా భాష. ఇంట్లో అందరం తెలుగే మాట్లాడుకుంటామా, కుక్క దగ్గరికొచ్చేసరికి "సిట్", "స్టే", "కమ్". మా వీధిలో తప్పుల్లేని ఇంగ్లీషు వినాలంటే ఏదో ఒక కుక్క ఉన్న ఇంటి ముందు నిలబడాలి. మా వాడికి ఇంగ్లీషు తప్ప ఇంకేమీ రాదని నా నమ్మకం కూడా.

మేము ఉండేది మేడ మీద వాటాలో. కింద ఓనర్ ఆంటీ. అరవై దాటిన మనిషి, వాళ్ళాయన వారంలో సగం రోజులు పొలం మీదే ఉంటారు. ఆవిడ ఇంటికి వచ్చినవాళ్ళు ఏమీ తినకుండా వెనక్కి వెళ్ళినట్టు నేనెప్పుడూ చూడలేదు. గ్యాస్ సిలిండర్ తెచ్చినతను కూడా మూతి తుడుచుకుంటూనే బయటకు వస్తాడు. మా ఆయనా నేనూ పగలు ఆఫీసుల్లో ఉంటాం కాబట్టి మా వాణ్ణి వెనక పెరట్లో వదిలి వెళ్ళేవాళ్ళం. దానికి ఆవిడ ఒప్పుకున్నారుగానీ, "దాని బాగోగులు నేను చూడనమ్మాయ్, ముందే చెప్తున్నా. కుక్కలంటే నాకు గిట్టదు" అన్నారు.

కార్తీకమాసంలో ఒకరోజు ఆవిడ కొత్త మంగళగిరి చీర కట్టుకుని, ఆడపడుచులను వెంటపెట్టుకుని గుడినుంచి వస్తున్నారు. గేటు దగ్గర నేను మా వాణ్ణి బయటకు తీసుకెళ్ళబోతున్నాను. అంతే, తాడు నా చేతిలోంచి జారింది. వాడు ఒక్క దూకు దూకి ముందుకాళ్ళు రెండూ ఆవిడ భుజాల మీద వేశాడు. ఆవిడ వీధిలో చతికిలపడ్డారు. పైట చిరిగింది. దెబ్బ తగల్లేదుగానీ ఆడపడుచులు నవ్వారు. ఆ నవ్వే ఆవిడకు ఎక్కువ తగిలిందనుకుంటా.

సాయంత్రం మేడ మీదికి వచ్చి, కూర్చోకుండానే చెప్పేశారు. "నెలాఖరు లోపల ఆ కుక్కన్నా పోవాలి, మీరన్నా ఖాళీ చెయ్యాలి."

కుక్క ఉన్నవాళ్ళు విజయవాడలో అద్దె ఇల్లు వెతుక్కుంటే ఎలా ఉంటుందో నాకు తెలుసు. "కుక్క ఉందండీ" అనగానే గేటు మూసేస్తారు. మా ఆయన మైలవరంలో బ్యాంకులో పనిచేస్తారు. అక్కడ తెలిసినాయన ఒకరు మా వాణ్ణి మామిడితోటకు కాపలాగా పెట్టుకుంటానన్నారు. పగలంతా గొలుసేసి చెట్టుకు కడతారట. ఆ మాట విన్నప్పటినుంచి నాకు అన్నం సయించలేదు. గొలుసు ఎలా ఉంటుందో కూడా తెలియని కుక్క అది.

నాకు అంతుపట్టనిది ఒకటే. వాడు పాలవాడి మీద దూకడు. పనమ్మాయి మీద దూకడు. పోస్టు తెచ్చేవాళ్ళను చూసి తోక ఊపి ఊరుకుంటాడు. ఆంటీ కనిపిస్తే మాత్రం ఆగడు. "నా మీద కక్ష కట్టిందమ్మా నీ కుక్క" అనేవారావిడ. నాకూ ఆ అనుమానమే పట్టుకుంది.

ఆ నెలలోనే మంగళగిరి వెళ్ళే దారిలో ఓ కాలేజీ గ్రౌండులో డాగ్ షో ఉంది. ధైర్యం చేసి కిందకు వెళ్ళాను. "ఆంటీ, ఒక్కసారి వచ్చి చూడండి. అన్ని కుక్కల మధ్య, అంత జనంలో వాడు నా మాట విని కూర్చుంటాడు. పరీక్షలో నెగ్గితే రిబ్బను ఇస్తారు. నెగ్గకపోతే మీరు చెప్పినట్టే చేస్తాం" అన్నాను. ఆవిడ బియ్యంలో రాళ్ళేరడం ఆపకుండానే, "సరే, చూస్తాను. కూర్చుంటే అప్పుడు ఆలోచిద్దాం. లేవకూడదు మరి" అన్నారు.

ఆదివారం మా ఆయన కారు తీశారు. ముందు సీట్లో ఆంటీ, ఒళ్ళో టిఫిన్ బాక్సు. వెనక నేనూ మా వాడూ. ఆ రోజు దూకిన దగ్గర్నుంచి వాణ్ణి పగలు మేడ మీదే పెట్టి తాళం వేస్తున్నాం కాబట్టి, వాడికి ఆంటీ దర్శనం కరువైంది. దారిపొడుగునా ముందు సీటు వెనకాల ముట్టె ఆనించి మూలుగుతూనే ఉన్నాడు. ఆవిడ వెనక్కి తిరిగి చూడలేదు.

గ్రౌండులో దిగిన కాసేపటికే ఆంటీ ఉన్న మర్యాదలన్నీ మీరేశారు. పగ్‌ను చూసి, "అయ్యో, మొహమంతా ముడతలు పడిపోయింది, దీనికి సరిగ్గా పెడుతున్నారో లేదో" అంటూ బాక్సు మూత తీశారు. దంతవైద్యురాలు పరుగున వచ్చి, "పెట్టకండి, ప్లీజ్ అండీ" అని అడ్డం నిలబడ్డారు. ఆంటీ మొహం మాడిపోయింది. తర్వాత ఓ బీగిల్ తల నిమరబోయారు, వాళ్ళూ వద్దన్నారు. జర్మన్ షెపర్డ్ గారు వచ్చి నెమ్మదిగా, "అమ్మా, ఇక్కడ పరాయి కుక్కకు ఏమీ పెట్టకూడదండీ" అని చెప్పారు.

"పెట్టడానికి లేదు, పలకరించడానికి లేదు! ఇంత దూరం వచ్చి గుడ్లప్పగించి చూడ్డానికా?" అని నా దగ్గర రుసరుసలాడారు. ఇక ఈవిడ కోపం మా వాడి మీదికే మళ్ళుతుందని నాకు గుండెల్లో రాయి పడింది.

మా పరీక్ష వంతు వచ్చింది. కుక్కలన్నిటినీ వరసగా కూర్చోబెట్టి, తాళ్ళు నేల మీద వదిలేసి, మేమందరం రింగు అవతలి వైపుకు వెళ్ళి నిలబడాలి. జడ్జి చెప్పేదాకా ఏ కుక్కా లేవకూడదు. "సిట్. స్టే" అన్నాను. మా వాడు నా మొహంలోకి చూశాడు. వెళ్ళి, తిరిగి నిలబడ్డాను. కూర్చునే ఉన్నాడు, పటంలో దేవుడిలా. వాడి పక్కన డాబర్‌మన్ ఆవులించింది. అవతల ఎవరిదో స్పీకర్ గీమని అరిచింది. అయినా మా వాడు కదల్లేదు. నా కళ్ళలో నీళ్ళు తిరుగుతున్నాయి. ఇంకొక్క క్షణం, ఇంకొక్క క్షణం అని లోపల మొక్కుకుంటున్నాను.

అప్పుడు ఆంటీ, కోపం చల్లారిందో, ఆకలే వేసిందో, తాడు కట్టిన కంచె దగ్గర కుర్చీలో కూర్చుని టిఫిన్ బాక్సు మూత తీశారు.

నెయ్యి రాసిన ఇడ్లీ వాసన ఆ గ్రౌండంతా పాకిందో లేదో నాకు తెలియదు. మా వాడి ముక్కు మాత్రం అటు తిరిగింది. లేచాడు. "స్టే!" అని అరిచాను. ఆ ఇంగ్లీషు వాడికి వినపడనే లేదు. పరుగెత్తలేదు, ఎవరిమీదా పడలేదు. తాడు ఈడ్చుకుంటూ, రోజూ వెళ్ళే దారిలో వెళ్తున్నట్టు నింపాదిగా నడిచి, కంచె కిందనుంచి దూరి ఆంటీ ముందుకు చేరాడు. మిగతా పోటీదారులు ఒక్కళ్ళూ కేకవేయలేదు, కదల్లేదు. ఎవరి కుక్కనైనా కంగారుపెడితే మొత్తం వరస లేస్తుందని వాళ్ళందరికీ తెలుసు.

ఇప్పుడు దూకుతాడు, ఇప్పుడు ఆవిడ పడతారు, అయిపోయింది, అనుకున్నాను.

వాడు దూకలేదు. ఆవిడ ఎదురుగా బుద్ధిగా కూర్చుని, కుడికాలు ఎత్తి షేక్‌హ్యాండ్ ఇస్తున్నట్టు ముందుకు చాపాడు. ఆ విద్య నేను నేర్పలేదు.

ఆంటీ అటూ ఇటూ చూశారు. "ఇప్పుడు కాదురా నాన్నా, అందరూ చూస్తున్నారు" అన్నారు గుసగుసగా. వాడు ఆ కాలు దించి ఈ కాలు ఎత్తాడు. "ఆగమన్నానా!" అన్నారావిడ. ఆగాడు. అచ్చ తెలుగులో చెప్తే ఆగాడు.

రింగు చూసుకునే వలంటీరు విసురుగా వచ్చాడు. "ఈ కుక్క ఎవరిదండీ?"

నేను కంచె దాటుతూ నోరు తెరిచేలోపలే ఆంటీ వాడి పట్టీ పట్టుకుని లేచి నిలబడ్డారు. "మాదేనండీ. ఏం?"

పోటీలోంచి తీసేశామని అతను చెప్పాడు. ఆవిడ ఒప్పుకోలేదు. "వీళ్ళందరూ కూర్చున్నారు, మా వాడూ కూర్చున్నాడు. కాస్త జరిగి కూర్చున్నాడు. దానికి తీసేస్తారా?" అంటూ జడ్జి దాకా వెళ్ళారు. నేను సిగ్గుతో చచ్చిపోతూ, డాబర్‌మన్ గారికి రిబ్బను వస్తే వెళ్ళి "మీ వాడు బాగా కూర్చున్నాడండీ" అని చెప్పి వచ్చాను.

తిరుగు ప్రయాణంలో ఆవిడ వెనక సీట్లో మా వాడి పక్కన కూర్చున్నారు, నేను ముందు సీట్లోకి మారాను. కారు కృష్ణ మీది బ్యారేజీ దాటింది. తర్వాత ఆవిడే మొదలుపెట్టారు. "మీరు ఆఫీసులకు వెళ్ళాక ఒక్కడే మా పెరటి గడప దగ్గర పడుకుని చూస్తుంటాడమ్మా. ఎదురుగా నేను తింటుంటే ముద్ద దిగుతుందా? ఆ రోజు నా చేతిలో ప్రసాదం ఉంది, అందుకే దూకాడు. ఆడపడుచుల ముందు ఆ మాట ఎలా చెప్పను? కుక్కలు గిట్టవని ఊరందరికీ చెప్పుకున్నదాన్ని."

మా ఆయన పక్కకు తిరిగి నన్ను చూశారు. నేను తల తిప్పి కిటికీలోంచి బయటకు చూశాను, నవ్వు వచ్చేలా ఉంది, ఏడుపూ వచ్చేలా ఉంది. వెనక మా వాడు ఆవిడ ఒళ్ళో తల పెట్టుకుని నిద్రపోతున్నాడు. చీర మీద చొంగ కారుతోంది, ఆవిడ తుడుచుకోవడం లేదు.

ఇల్లు దగ్గరపడుతుంటే ఉండబట్టలేక అడిగాను. "మరి, నెలాఖరుకి ఖాళీ చెయ్యమన్నారు కదాంటీ..."

"అన్నాను. నీకూ మీ ఆయనకూ ఇల్లు నచ్చకపోతే చూసుకోండి, నేను వద్దనను" అన్నారావిడ, వాడి చెవి సవరిస్తూ. "వీణ్ణి మాత్రం ఎక్కడికీ పంపను."