పావలా నిలవని రివాల్వర్

మొన్న ఆదివారం మా అక్క మనవడు టాటానగర్‌లోనే అవతలి పేట మాంగో నుంచి మోటారు సైకిలు మీద దిగి, చెప్పులైనా విప్పకుండా సోఫాలో కూలబడి, సెల్‌ఫోన్ నా ముక్కు దగ్గర పెట్టి రివాల్వర్ల బొమ్మలు ఒకదాని తర్వాత ఒకటి వేలితో తోసి చూపిస్తుంటే నాకు నిజంగా రోత పుట్టింది. ముప్పై ఏళ్ళవాడు, కాంట్రాక్టు పనులు చేసుకుంటాడు, చేతి నిండా సంపాదన. ఏదో షూటింగ్ క్లబ్బులో చేరి, ఆఫీసుల చుట్టూ తిరిగి లైసెన్సు తెచ్చుకున్నాడట, సెలవు రోజుల్లో సరదాగా కాల్చుకోవడానికి చిన్న తూటాలు పట్టే పాయింట్ టూటూ రివాల్వర్ ఒకటి కొనాలట, మన ఇంట్లో ఇలాంటి ముచ్చట ఉన్న పెద్దాయన ఒకప్పుడు ఉండేవాడని వాళ్ళ నాయనమ్మ చెప్పిందట, అందుకని సాక్చి బజారులో తుపాకుల దుకాణానికి నన్నూ రమ్మన్నాడు. ఆ బొమ్మల్లో ఒకదానికి బంగారు పూత, ఇంకొకదానికి గులాబీ రంగు పిడి. గులాబీ రంగు పిడిని చూస్తే నాకు పెళ్ళి భోజనాల చివర పెట్టే ఐస్‌క్రీము గుర్తొచ్చి ఒళ్ళు మండింది.

"ఏటిరా ఇయ్యి, తుపాకులా, పెళ్ళికూతురి నగలా?" అన్నాను. వాడు నవ్వేసి, అలవాటు ప్రకారం హిందీలో, "దాదాజీ, రీల్ మే తో లుక్ హీ దిఖ్తా హై" అన్నాడు. వీడియోలో కనపడేది అందమే కదా అని వాడి వాదన. కాల్చడానికి కాదు, కాలుస్తున్నట్టు కనపడటానికట. రానని చెప్పేద్దామనుకున్నాను గాని, ఇరవై ఏళ్ళ వయసులో, అదే సాక్చిలో, తుపాకుల దుకాణంలో నిలబడి నేనూ అచ్చం అలాంటి మాటే అన్నాను. చొక్కా మార్చుకుని వాడి వెనకాల బండెక్కాను.

ఆ పెద్దాయన మా చిన్నాన్న, ఆయన గురించి చెప్తే గాని ఈ రోత సంగతి మీకు అర్థం కాదు. శ్రీకాకుళం వైపు నుంచి వచ్చి, టాటానగర్ యార్డులో వ్యాగన్లు బాగుచేసే ఫిట్టరుగా కుదిరి, బాగ్‌బేరాలో రైల్వే క్వార్టర్లో కాపురం ఉన్నాడు. పిల్లలు లేరు. మా నాన్న పోయాక నన్ను ఊరి నుంచి తెచ్చి పిన్నీ ఆయనా పెంచుకున్నారు. ఒకసారి వ్యాగన్ తలుపు జారి పడి ఆయన కుడి బొటనవేలు కణుపు దగ్గర నలిగిపోయింది, ఆ తర్వాత అది మరి వంగలేదు. చొక్కా గుండీలు పిన్నే పెట్టేది. అన్నం కలుపుకునేటప్పుడు ఆ వేలు ఒక్కటే పక్కకి నిలబడి ఉండేది, చిన్నప్పుడు నేను దాన్ని చూసి నవ్వేవాణ్ణి, ఆయనా నాతో కలిసి నవ్వేవాడు.

మన వయసు వాళ్ళలో కాలనీ క్వార్టర్లలో పెరిగిన వాళ్ళకు ఆదివారం ఎలా ఉండేదో వేరే చెప్పక్కర్లేదు. తలకు నూనెలు, మాంసం కూర, గోడ అవతల రేడియో, చెట్టు కింద పేకాట. మా చిన్నాన్న మాత్రం పొద్దున్నే సైకిలెక్కి నది వైపు మట్టికట్ట దగ్గర ఉండే రైఫిల్ క్లబ్బుకు పోయేవాడు. పోటీలకు కాదు, పతకాలకు కాదు, వేటకు అసలే కాదు. ఒకసారి క్లబ్బులో ఎవరో సరదాకి ఒక కొంగను కొడితే ఆ మనిషితో ఏడాది పాటు మాట్లాడలేదు. డాల్డా డబ్బాల మూతలు మేకుకి తగిలించి, క్లబ్బు వాళ్ళ పాత నల్ల రివాల్వర్‌తో నెమ్మదిగా ఒక్కొక్కటే కాల్చి, మూతకు పడ్డ బెజ్జాలు ఎంత దగ్గరగా ఉన్నాయో చూసుకుని, ఆ మూతను పట్టుకొచ్చి పిన్నికి చూపించేవాడు. వారమంతా ఇనుము కింద దూరి పనిచేసే మనిషికి ఉన్న సుఖం అదొక్కటే.

బొటనవేలు పనిచేయని మనిషి రివాల్వర్ ఎలా కాల్చాడంటారా, అక్కడే ఉంది కిటుకు. కొన్ని రివాల్వర్లకు వెనకనున్న సుత్తిని ప్రతిసారీ బొటనవేలితో వెనక్కి లాగాలి. డబుల్ యాక్షన్‌ది అయితే ఆ పని లేదు, ట్రిగ్గర్ ఒక్కటి నొక్కితే చాలు, సుత్తి తనంతట తనే లేస్తుంది, తూటాల చక్రం తిరుగుతుంది, సుత్తి పడుతుంది. కాని అంత పని ఒక్క వేలితో చేయించాలి కనక ఆ నొక్కుడు పొడుగూ, బరువూ. అది మెత్తగా లేకపోతే నొక్కేలోపు చెయ్యి కదిలి గురి పోతుంది. ఎంత మెత్తగా ఉందో తెలుసుకోవడానికి చిన్నాన్నకు ఒక పద్ధతి ఉండేది. చక్రంలో ఖాళీ తూటా తొడుగులు పెట్టి, చెయ్యి చాపి, గొట్టం కొసన ఒక పావలా బిళ్ళ నిలబెట్టించి ట్రిగ్గర్ నొక్కేవాడు. పావలా కదలకుండా ఉంటే అది మన చేతికి సరిపోయిన ఆయుధం, పడిపోతే కాదు, అంతే.

ఆ తర్వాత క్లబ్బు వాళ్ళు ఎవరి ఆయుధం వాళ్ళే తెచ్చుకోవాలన్నారు. చిన్నాన్న రెండేళ్ళు తిరిగి లైసెన్సు తెచ్చుకున్నాడు. దుకాణానికి నన్ను తోడు తీసుకెళ్ళాడు. డబుల్ యాక్షన్ పాయింట్ టూటూలు ఆ రోజు అక్కడ రెండే ఉన్నాయి. ఒకటి ఎవరో వాడి వదిలేసిన నల్లది, పిడి చెక్క అంచు లేచిపోయింది. రెండోది కొత్తది, నికెల్ పూతతో తళతళలాడిపోతోంది, తెల్లటి పిడి. చిన్నాన్న నల్లదాన్ని చాపాడు, నేను పావలా పెట్టాను, నొక్కాడు. పావలా కదల్లేదు. మెరిసేదాన్ని చాపాడు. పావలా నేల మీద పడి గల్లా కిందికి దొర్లిపోయింది. మళ్ళీ పెట్టాను, మళ్ళీ పడింది.

విశ్వకర్మ పూజ ఇంకో పది రోజుల్లో ఉంది. ఆ పూజకు ఈ ఊళ్ళో ఎంత హడావుడో తెలిసిన వాళ్ళకు తెలుసు, షెడ్డుల్లో సుత్తులూ స్పానర్లూ దగ్గర్నుంచి అన్నీ కడిగి, బొట్లు పెట్టి, ఎర్రగుడ్డ మీద పరుస్తారు, జనం వరసగా చూసుకుంటూ పోతారు. మా క్వార్టర్ వరండాలో చిన్నాన్న పనిముట్ల పక్కన రివాల్వర్ పెడితే, కాలనీ అంతా వచ్చి చూస్తారని, నా స్నేహితులు నోళ్ళు తెరుస్తారని నేను అప్పటికే కలలు కంటున్నాను. అంతకు మించిన ఆలోచన నా బుర్రలో లేదు. ఇప్పుడు తలచుకుంటే నా మీద నాకే అసహ్యం వేస్తుంది.

"నల్లది మాడిపోయిన అట్లపెనం లాగున్నాది సిన్నాన్నా, పూజలో పెడితే యార్డోళ్ళందరూ నవ్వుతారు. తెల్లది సూడు, ఎంత లుక్కుగున్నాదో!" అన్నాను.

"గట్టిగున్నాదిరా" అన్నాడాయన మెల్లగా.

"వాడగా వాడగా అదే వదులవుద్ది" అన్నాను, పెద్ద తెలిసినవాడిలా.

ఆయన నల్లదాన్ని ఒకసారి చూశాడు, నా మొహం ఒకసారి చూశాడు. "నీకదే బాగున్నాదేటి? అయితే అదే ఇమ్మందాం" అన్నాడు. లైసెన్సు పుస్తకంలో దాని నంబరు ఎక్కించేశారు. ఒకసారి ఎక్కాక మార్చుకోవడమంటే మళ్ళీ ఆఫీసులు, మళ్ళీ అర్జీలు, రైల్వే ఫిట్టరు వల్ల అయ్యే పని కాదు.

పూజ రోజు నేను అనుకున్నంతా జరిగింది. పిన్ని దానికి పసుపూ కుంకుమా దట్టంగా పులిమింది, కాలనీ అంతా వచ్చి చూసింది, నేను పక్కనే నిలబడి పొంగిపోయాను. మర్నాడు చిన్నాన్న పాత టూత్‌బ్రష్‌తో చక్రంలో ఇరుక్కున్న కుంకుమ గీకుతూ కూచున్నాడు. ఆ మెరుపు ఆయనకు ఒక్క రోజు పనికొచ్చింది, అదీ నా కోసం.

ఆదివారాలు మాత్రం పాడైపోయాయి. నొక్కి నొక్కి చెయ్యి వణికి తూటాలన్నీ మూతను వదిలేసి కిందికి, ఎడమకి పోయేవి. సాయంత్రాలు మంచం మీద కూచుని ఖాళీ తొడుగులతో సాధన చేసేవాడు, పావలా పెట్టేది పిన్ని. పడిన ప్రతిసారీ తీసి మళ్ళీ పెట్టి పెట్టి చివరికి ఆవిడ, "ఏటి మీ గోల, అన్నం సల్లారిపోతంది, రండి" అనేది. మూతలు ఇంటికి తేవడం మానేశాడు. తర్వాత నెలకోసారి పోయేవాడు, తర్వాత మానేశాడు. ఎందుకని నేనడిగితే, "కళ్ళు ఆనడం నేదురా" అన్నాడు. నమ్మేశాను. నమ్మితే నాకు సుఖంగా ఉండేది కాబట్టి నమ్మేశాను.

ఆయన పోయాక రివాల్వర్‌ను ఇంట్లో ఉంచుకోకూడదు కనక దుకాణంలో అప్పగించడానికి నేనే తీసుకెళ్ళాను. అక్కడి మనిషి ఖాళీ తొడుగులు పెట్టి, పనిచేస్తోందో లేదో ఒకసారి నొక్కి చూపించమన్నాడు. నొక్కాను. అప్పటికి నేను ఉక్కు ప్లాంటులో ఇరవై ఏళ్ళు పనిచేసి చేతులు రాటుదేలినవాణ్ణి, నా వేళ్ళన్నీ చక్కగా వంగుతాయి. అయినా సగంలోనే మణికట్టు వణికింది, గొట్టం కిందికి పోయింది. అదే నేను ఆ ట్రిగ్గర్‌ను నొక్కడం మొదటిసారి. కొన్న రోజున దుకాణంలో నిలబడి అన్ని కబుర్లు చెప్పిన నేను దాన్ని ఒక్కసారి కూడా నొక్కి చూడలేదు. ఆయన రోజూ ఏం మోశాడో ఆ క్షణాన తెలిసింది, తెలిసి ఎవరికి లాభం.

మొన్న దుకాణంలో అక్క మనవడు అద్దంలా మెరిసేదాన్నే పట్టుకుని, అటు తిరిగి ఇటు తిరిగి ఫోటోలు దిగాడు. నేను మూలనున్న మసక రంగుదాన్ని తీయించి, రెంటినీ నొక్కి చూడరా అని పోరు పెడితే, మెరిసేదాన్ని ఒక్కసారి నొక్కి, "థోడా టైట్ హై, చలేగా" అన్నాడు. కొంచెం బిగుతే, ఫరవాలేదట. గొట్టం మీద పెట్టి చూపిద్దామని ఒక రూపాయి బిళ్ళ ఇమ్మన్నాను. వాడి జేబులో లేదు. నా జేబులో లేదు. దుకాణం ఆయన సొరుగు లాగి చూపించాడు, అందులోనూ లేదు, గల్లా మీద ఫోనుతో డబ్బు కట్టే అట్టముక్క ఒకటి నిలబడి ఉంది. ముగ్గురు మగవాళ్ళం, మా దగ్గర ఒక్క బిళ్ళ లేదు. వాళ్ళిద్దరూ నవ్వారు. వాడు మెరిసేదే ఖాయం చేశాడు.

వాడి బండి ఎక్కబుద్ధి కాక ఒక్కణ్ణే ఆటోలో ఇంటికొచ్చేశాను. దారి పొడుగునా వాణ్ణి తిట్టుకుంటూనే ఉన్నాను గాని, నిజం చెప్పాలంటే వాడి ఎంపిక చెడితే వాడి గురే చెడుతుంది. నేను చెడగొట్టింది ఇంకొకరి ఆదివారాలు, అవి కూడా నా మొహం చూసి నోరు మూసుకున్న మనిషివి. ఇప్పుడు చెయ్యి చాపి పావలాతో పరీక్షించే మనిషీ లేడు, తెలిసి తెలిసి ఒకరి కోసం ఓడిపోయే మనిషీ కనపడడు. బాగ్‌బేరాలో దిగి నోటు ఇస్తే, ఆటో అతను చిల్లర వెతికి అరిచేతిలో ఒక రూపాయి బిళ్ళ పెట్టాడు. గంట ఆలస్యంగా దొరికిందనుకున్నాను. ఇంట్లోకి నడుస్తూ లెక్క వేసుకుంటే, ఆ రోజు పావలా చెప్పింది వినని నాకు యాభై ఏళ్ళు ఆలస్యం.