మా ఇంటి ఆడపడుచు, తెరెసా ఎచెవెర్రియా

సౌదీలోని జుబైల్ ఆసుపత్రిలో నాకు పని నేర్పిన పెద్ద నర్సు తెరెసా ఎచెవెర్రియా ఇక లేరన్న వార్త, పొద్దున డ్యూటీకి వస్తుంటే గేటు దగ్గరే తెలిసింది. నిద్రలోనే గుండె ఆగిందట. అశనిపాతం అన్న మాట చదవడమే గానీ, అదేమిటో అప్పుడే ఎరుకైంది. ఎందరి ప్రాణాలకో కావలి కాసిన ఆ కరుణామూర్తి పార్థివదేహం, ఈ మాటలు రాస్తున్న వేళకీ మార్చురీలోనే ఉంది. తీసుకెళ్లేవారు లేరు.

ఫిలిప్పీన్స్‌లోని సెబూలో క్రైస్తవ సన్యాసినులు పెంచిన బిడ్డ ఆమె. ఓడల్లో పనిచేసే తండ్రి పసికందును ఆశ్రమంలో అప్పగించి, తన ఇంటిపేరొక్కటీ చెప్పి వెళ్లాడు. మళ్లీ రాలేదు. ఆ పేరే ఏనాటికైనా తండ్రిని చూపిస్తుందని ఆమె దృఢవిశ్వాసం. వార్డులోకి మెక్సికో మనిషొచ్చినా చిలీ మనిషొచ్చినా, మీ ఊళ్లో ఎచెవెర్రియాలున్నారా అని అడిగేవారు. అందరూ ఉన్నారనే చెప్పేవారు. "చూశావా, లోకమంతా మావాళ్లే" అని మురిసిపోయేవారు. మరి ఒక్కరూ పలకరించరేమని నేను ఏడిపిస్తే, "నేనున్నానని వాళ్లకి తెలియాలి కదా" అనేవారు.

ఇక్కడి ఫ్యాక్టరీలు ఆపి మరమ్మతు చేసే షట్‌డౌన్ పనికి స్పెయిన్ నుంచి వచ్చిన ఒక ఇంజినీరు, మూత్రపిండంలో రాయితో మా వార్డులో చేరాడు. ఆయనదీ అదే పేరు. ఆవేళ ఆమె ముఖం చూడాలి. ఆయన మంచివాడే, ఓపిగ్గా చెప్పాడు.

"ఇది స్పెయిన్ ఉత్తరాన మేం మాట్లాడే బాస్క్ భాష మాట. కొత్త ఇల్లు అని అర్థం. మా కొండల్లో మనిషికి ఇంటిని బట్టే పేరు. కొత్తగా ఇల్లు కట్టిన ప్రతివాళ్లకీ ఈ పేరే వచ్చింది. ఒకరికొకరు ఏమీ కారు. అక్కణ్ణించి ఓడలెక్కి దేశదేశాలకీ పోయారు. మీ దీవుల్లో అయితే, ఏలిన స్పెయిన్ వాళ్లు జనానికి పేర్లు పంచిపెట్టారు. మీ నాన్నగారిలో మా రక్తం చుక్క కూడా ఉండకపోవచ్చు."

నిజమే చెప్పినా, ఆయన మీద నాకు కోపం ఇప్పటికీ పోలేదు. ఆమె సెలైన్ సీసా మార్చి, థాంక్యూ చెప్పి, బయటికొచ్చి బెంచీ మీద కూలబడ్డారు.

మా నరసాపురం బుద్ధి ఊరుకోదు కదా. ఇంటిపేరు వింటే వరస కలపందే మాకు అన్నం సయించదు.

"మేమూ కొత్తింటివాళ్లమే, ఆతే" అన్నాను. మా అత్తవారి ఇంటిపేరు కొత్తింటి. ఆతే అంటే వాళ్ల భాషలో అక్క. "మా ఆయనకి మీరు అక్క. నాకు వదిన."

"రక్తం లేకుండానా?"

"నాకు మాత్రం ఉందా? పెళ్లితో వచ్చిన పేరే కదా."

ఆమె నవ్వారు, ఆ వెంటనే ఏడ్చారు. నాటి నుంచి వదినా అంటేనే పలికేవారు. "పేరిచ్చినవాడు పోతాడు, పిలిచేవాళ్లే మిగులుతారు" అనేవారు. కానీ మళ్లీ ఏ రోగినీ ఏ ఊరని అడగలేదు. ఆ ఆశ ఆరిపోవడం నేను కళ్లారా చూశాను.

ఆమె పోయాక ఆఫీసుకెళ్లి, మా వదిన, నేను తీసుకెళ్తానన్నాను.

"రక్తసంబంధమా సిస్టర్?" అని మలయాళీ గుమస్తా జాలిగానే అడిగాడు. కాదన్నాను. రక్తసంబంధీకుల సమ్మతి లేనిదే దేహం కదలదన్నాడు. ఎంబసీ వెతుకుతోందట. ఆశ్రమం మూతపడి ఏళ్లయిందట.

ఇంటికి ఫోన్ చేస్తే మా అత్తగారు ఎత్తారు. వదిన సంగతంతా చెప్పాను. మేం క్రైస్తవులమైనా ఆవిడ మైల పాటించడం మానలేదు.

"పెళ్లయ్యిందా ఆవిడికి?"

"లేదత్తయ్యా."

"మరైతే ఇంటిపేరు మారలేదుగా. మనింటి పిల్లేనే. మైల మనదే."

మా మరిది నిశ్చితార్థం ఆపించేశారు. ఆ రోజు పొయ్యి కూడా వెలిగించలేదట.

వదినా, లోకమంతా వెతుక్కున్నారు. మీరు పోయారని పొయ్యి వెలగని ఇల్లు నరసాపురంలో ఒక్కటుంది. మీ చేతి చలవ ఈ వార్డుకిక రాదు. మోకరిల్లడానికి మీ సమాధి ఎక్కడుంటుందో కూడా తెలియదు. మేం మైల పట్టడానికి పనికొచ్చాం గానీ, పిడికెడు మట్టి వేయడానికి పనికిరాలేదు.