అక్కను దాటిపోయిన పళ్లెం

మీ క్రైస్తవ సంఘంలో ప్రభు భోజనపు రొట్టె పళ్లెం తిరిగేటప్పుడు అది ఎవరిని దాటిపోతుందో మీరెప్పుడైనా కళ్లు తెరిచి చూశారా? నేను చూశాను. దేవుణ్ని నమ్మనివాణ్ని కాబట్టి ప్రార్థనలో కళ్లు మూసుకునే పని నాకు లేదు.

మేం సిరిసిల్లలో మగ్గాల చప్పుడు మధ్య పెరిగినవాళ్లం. అక్కను కోరుట్లకు ఇచ్చారు. నేను జగిత్యాలలో స్థిరపడి, మూఢనమ్మకాల మీద సభల్లో మాట్లాడుతూ తిరిగాను. బావ పోయాక అక్క బీడీలు చేస్తూ ఇద్దరు పిల్లల్ని సాకింది. ఆ రోజుల్లోనే పక్కింటామె వెంట ప్రార్థన మందిరానికి పోవడం మొదలుపెట్టింది. ఎందుకని అడిగితే, "ఆడ కూసుంటె గుండెల దూప సల్లారినట్టయితది తమ్మీ" అంది. గుండెకు దాహమేంటని నేను నవ్వాను. ఆ నవ్వు ఇప్పుడు తలచుకుంటే నామీద నాకే కోపం వస్తుంది.

మొన్న ఎండాకాలం ఒక ఆదివారం ఆమె వెంట వెళ్లి చాప మీద కూర్చున్నాను. ఆ రోజు పాస్టరు చెప్పింది బావి దగ్గర సమరయ స్త్రీ కథ. అందరూ చిన్నచూపు చూసే ఆమెతో యేసే మాట కలిపి, మళ్లీ దాహం వేయని నీళ్లిస్తానన్నాడట. అక్క కొంగుతో కళ్లు తుడుచుకుంది. తర్వాత రొట్టె వచ్చింది. అక్క కుడిచెయ్యి కొంచెం లేచింది. సంఘపెద్ద పళ్లెం ఎత్తి ఆమె తల మీదుగా వెనక వరుసకు అందించాడు. ఆమె ఆ చేతిని కొంగు కింద దాచుకుంది.

బయటికొచ్చాక అడిగితే చెప్పింది. బాప్తిస్మం తీసుకోనివాళ్లకు రొట్టె ఇవ్వరు. బీడీలు చేసేవాళ్లకు బాప్తిస్మం ఇవ్వరు, పొగాకు పాపమట. నాలుగేళ్లుగా ఇదే మాట.

నా ఒళ్లు మండింది. మళ్లీ లోపలికి పోయాను.

"అయ్యగారూ, బావికాడ ఆమెను ముందుగాల బతుకు మార్చుకొని రమ్మన్నడా, నీళ్ల మాట ముందుగాల చెప్పిండా? మీ పుస్తకమే గద, చదివి చెప్పుండ్రి."

పాస్టరు పేజీ తెరిచి దాన్నే చూస్తూ ఉండిపోయాడు.

"నమ్మనోనివి, నీకెందుకయ్యా గీ లొల్లి?" అన్నాడు సంఘపెద్ద.

"నమ్మినామెకు మీరేమిచ్చిండ్రు? గీ చాపలు కొనిచ్చింది బీడీలు చేసేటోళ్లు గాదా? చాపలకు రాని పొగాకు వాసన చేతులకే వచ్చిందా?"

వెనక ఒక ముసలమ్మ కిసుక్కుమంది. "అడుగు కొడుకా, ఇంకింత గట్టిగ అడుగు."

 నేను గెలిచినవాడిలా బయటికొచ్చాను.

ఇల్లు చేరగానే అక్క పనిలో కూర్చుంది. చాట ఒళ్లో పెట్టుకొని బీడీలకు తునికాకు కత్తిరిస్తూ అంది: "గెలిచినవ్ తమ్మీ. ఇగ వాళ్లు నాకు రొట్టె ఇస్తరా?"

"గసొంటోళ్ల కాడికి పోవుడెందుకక్కా? మానెయ్యరాదు?"

"పాస్టరయ్య బీడీలు మానుమంటడు. నువ్వు దేవుణ్ని మానుమంటవ్. దూపైతుందిరా అంటె చెంబందిచ్చేటోడు ఒక్కడు లేడు."

 నేను ఇప్పటికీ నమ్మను. అక్క ఇప్పటికీ ప్రతి ఆదివారం పోతూనే ఉంది. పోయేముందు నిమ్మచెక్కతో వేళ్లు రుద్దుకుంటుంది. వాసన పోదు. పళ్లెం రాదు.

ఆ పాస్టరునూ పెద్దనూ అడిగి చూశాను. ఇప్పుడు మిమ్మల్ని అడుగుతున్నాను. వచ్చే ఆదివారం పళ్లెం మీ చేతికి వస్తుంది. పక్కన చెయ్యి దాచుకున్న మనిషి ఉంటే మీ రొట్టె విరిచి సగం ఆమె చేతిలో పెట్టండి. పెద్దలు అడ్డొస్తే, ఆమెకు ఇచ్చేదాకా మీరూ తినకండి.