కార్న్‌ఫ్లవర్ ఆకుల మీద మచ్చలు

ఏళ్ల తరబడి పూసే కార్న్‌ఫ్లవర్ మొక్కలు ఆరింటిని సన్యాసయ్య మలేషియాలోని ఇపోలో తన పెరట్లో నాటాడు. చలిదేశపు మొక్క ఈ ఎండకు బతకదని అందరూ అన్నా, నాలుగు నెలలకు నీలి మొగ్గలు తొడిగాయి. ఆ శుక్రవారం మధ్యాహ్నం చూస్తే ఆకుల నిండా గోధుమరంగు మచ్చలు.

పక్కింటావిడ దిష్టి అంది. ఏ మొక్క చచ్చినా ఆవిడకు దిష్టే. భార్య పైడమ్మ గుమ్మంలో కూర్చుని అన్నం తింటూ నవ్వింది.

"ఎండ మామా! నాను సెప్పినానా లేదా?"

సన్యాసయ్య నవ్వలేదు. ఎండకు ఆకు వడలుతుంది, ఇలా మచ్చలు పడి మాడదు. పామాయిల్ తోటలో ముప్ఫయ్యేళ్లు గడ్డిమందు కొట్టినవాడికి ఆ మచ్చలు కొత్త కాదు. పోయినవారం కంచె పక్క గడ్డికి మందు కొట్టిన డబ్బాతోనే నిన్న పెరడంతా నీళ్లు చల్లాడు. మూడుసార్లు కడిగితే డబ్బా శుభ్రమని తోటలో అందరి నమ్మకం. ఆ మందు డబ్బాల్లోనే తాగే నీళ్లూ మోసేవారు.

"పైడీ, ఆ కూర ఏటి?"

"మన పెరట్లో తోటకూరే. పొద్దున్న కోసినాను."

అతను చేరేసరికి పళ్లెం ఖాళీగా ఉంది.

"కారం ఎక్కువేసినానేటో మామా," అంది పైడమ్మ, గొంతు తడుముకుంటూ. "మండతంది."