రెండుసార్లు తట్టే దాకా

శిక్షణ మైదానంలో ఆయన్ని అసలు పేరుతో పిలిచేవాళ్లు తక్కువ. ఎదురుగా మాస్టారు, వెనకాల ఉడుంపట్టు మాస్టారు. పోలీసు ఉద్యోగంలో కొత్తగా చేరినవాళ్లకు, తిరగబడే మనిషిని కొట్టకుండా లొంగదీసుకోవడం నేర్పడం ఆయన పని. మణికట్టు దొరకబుచ్చుకుని, మోచెయ్యి మెలితిప్పి, భుజాన్ని కాస్త పైకి లేపాడంటే ఎంతటి వస్తాదైనా మోకాళ్ల మీద కూలబడాల్సిందే. ఆ పట్టు పట్టినప్పుడు తప్ప ఆయన ఎక్కడా కుదురుగా ఉండేవాడు కాదు. కూర్చుంటే కాలు ఊపేవాడు. పేపరు చదువుతూ గదంతా తిరిగేవాడు.

కోర్టు నోటీసు వచ్చినప్పటి నుంచి ఆ తిరుగుడు మరీ ఎక్కువైంది.

ఆయన దగ్గర నేర్చుకున్న కానిస్టేబుల్ ఒకడు ఒక వీధి గొడవలో, అద్దాలు బిగించే పనివాడి చెయ్యి వెనక్కి విరిచి పట్టుకున్నాడు. నిజానికి ఆ పనివాడు గొడవ ఆపడానికి వచ్చినవాడు. "వదలండయ్యా, విరిగిపోతోంది" అని గోలపెట్టినా కానిస్టేబుల్ వదల్లేదు. కీలు తప్పింది, నరం దెబ్బతింది. కుడి చెయ్యి ఇక అద్దం ఎత్తదని డాక్టర్లు తేల్చేశారు. అతను కానిస్టేబుల్ మీదా, శాఖ మీదా, నేర్పిన మాస్టారి మీదా దావా వేశాడు. ఎందుకు వదల్లేదని అడిగిన పై అధికారులకు కానిస్టేబుల్ చెప్పింది ఒకే మాట: "అతను సైగ చెయ్యలేదండీ."

ఏ సైగ? పై అధికారులు మొహాలు చూసుకున్నారు. ఆ మాట చెవిన పడగానే మాస్టారికి మాత్రం అదేమిటో అర్థమైపోయింది.

మైదానంలో ఒకడు దొంగ వేషం వేస్తే, ఒకడు పట్టుకోవాలి. దొంగ వేషం వేసినవాడు ఊరుకోడు. "అమ్మో, చచ్చాను, వదలండి" అని రాగాలు తీస్తాడు, అది వేషంలో భాగం. ఒకప్పుడు ఒకడు నిజంగానే ఏడుస్తుంటే అందరూ భలే నటిస్తున్నాడని నవ్వారు. తీరా చూస్తే మణికట్టు చిట్లింది. అప్పుడు మాస్టారు సొంతంగా ఒక పద్ధతి పెట్టాడు. నిజంగా ఓర్చుకోలేనివాడు ఖాళీగా ఉన్న చేత్తో రెండుసార్లు తట్టాలి. తడితేనే వదలాలి. "నోటిని నమ్మకండిరా, అది నాటకమాడుతుంది. చేతిని నమ్మండి" అని కొత్తగా వచ్చిన ప్రతి జట్టుకూ చెప్పేవాడు. ఆ తర్వాత మైదానంలో ఒక్కరికీ దెబ్బ తగల్లేదు. అది ఆయన గర్వం.

శాఖ తరఫు లాయరు గదిలో మాస్టారు రెండు కుర్చీలు మారి, చివరికి కిటికీ దగ్గర నిలబడ్డాడు.

"పాఠం పుస్తకంలో ఏముంది మాస్టారూ?"

"ఎదురు తిరగడం ఆపగానే పట్టు సడలించాలని."

"మీరు నేర్పిందీ అదేగా?"

"అదే. దాంతోపాటు..."

"దాంతోపాటు వద్దు. అక్కడే ఆగండి." లాయరు చెయ్యి అడ్డం పెట్టాడు. "ఉన్నది ఉన్నట్టు నేర్పితే శాఖ చూసుకుంటుంది, మీ పేరు దావాలోంచి తీయిస్తాను. సొంత పైత్యం కలిపారనుకోండి, శాఖ మీ వెనక నిలబడదు. రిటైరయ్యాక రావాల్సిందీ, ఉంటున్న ఇల్లూ, అన్నీ గాల్లో దీపమే."

"మరి ఆ కుర్రాడో?"

"సైగ అంటున్నది వాడొక్కడే. వాడితో నేర్చుకున్నవాళ్లంతా ఉద్యోగాల్లో ఉన్నారు, ఎవడు నోరు విప్పుతాడు? ఏ సైగా నాకు తెలీదనండి. మిగతాది వాడి తలరాత."

బయటికొచ్చి మాస్టారు బస్సెక్కకుండా నడిచాడు. మైదానంలో చెప్పింది మైదానానికే అని ఆ మాత్రం తెలియొద్దూ, బుర్ర ఉన్నవాడెవడైనా వీధిలో ఆ తట్టడం కోసం చూస్తాడా అని దారిపొడుగునా తనకు తానే సర్దిచెప్పుకున్నాడు. ఇల్లు చేరేసరికి దాదాపు నమ్మేశాడు కూడా.

ఇంట్లో బావమరిది ఉన్నాడు. బస్సు కండక్టరు, నోరు ఊరుకోని మనిషి.

"ఇన్నేళ్లుగా వింటున్నాను బావా, ఉడుంపట్టు ఉడుంపట్టు అని. అదేదో నాకూ చూపించు. టికెట్టు కొననివాళ్ల మీద వాడతాను."

"ఊరుకోరా, అసలే ఆయన మనసు బాగాలేదు" అంది మాస్టారి భార్య తమ్ముడితో.

బావమరిది అప్పటికే చెయ్యి చాపాడు. మాస్టారు అన్యమనస్కంగా పట్టుకుని తిప్పాడు. అతను మోకాళ్ల మీదికి వచ్చేశాడు.

"అబ్బో, బాగుంది... చాలు బావా... చాలంటుంటే! అక్కా, మీ ఆయన నన్ను చంపేస్తున్నాడే!"

ఆమె ముందు నవ్వింది. తర్వాత తమ్ముడి మొహం చూసింది. భర్త చూపు ఎటో గోడ మీద ఉంది. మైదానానికి అన్నం డబ్బా తీసుకెళ్లిన రోజుల్లో చూసింది గుర్తొచ్చి, అరచేత్తో భోజనాల బల్ల మీద రెండుసార్లు కొట్టింది.

మాస్టారి చేతులు విడిపోయాయి.

"నేను లబోదిబోమంటే వినవు, బల్ల చెబితే వింటావా బావా?" అన్నాడు బావమరిది భుజం రుద్దుకుంటూ.

మాస్టారు తన చేతుల వంక చూసుకున్నాడు. అరుపు వినపడకపోలేదు. వినపడింది, కానీ చేతుల దాకా వెళ్లలేదు.

తమ్ముడు వెళ్లాక భార్య అడిగింది. "ఇదేనా ఆ సైగ?"

తలూపాడు.

"రేపు ఏం చెప్తారు?"

"చెప్తే ఈ ఇల్లు ఉంటుందో ఊడుతుందో తెలీదు."

"చెప్పకపోతే మీరు ఏ ఇంట్లోనూ కూర్చోలేరు. ఇప్పటికే గచ్చు అరగదీశారు" అందామె.

మర్నాడు బోనులో నిలబడ్డాక, పనివాడి తరఫు లాయరు సూటిగా అడిగింది. "పుస్తకంలో లేనిది ఏమైనా నేర్పారా?"

శాఖ లాయరు కళ్లతోనే వద్దన్నాడు.

"నేర్పానమ్మా. అరుపులు నమ్మొద్దన్నాను. నొప్పి అన్నా నమ్మొద్దన్నాను. రెండుసార్లు తడితేనే వదలమన్నాను. బయటి మనిషికి ఆ సంగతి తెలీదన్న ఆలోచనే నాకు రాలేదు."

"ఈ కానిస్టేబుల్‌కేనా?"

"అందరికీ."

"ఇవాళ వీధుల్లో డ్యూటీలో ఉన్నవాళ్లకి కూడానా?"

మాస్టారి కాలు ఊగడం మొదలైంది. "అవును. ఈ క్షణాన ఉన్నవాళ్లకి కూడా."

సాక్ష్యం చెప్పి బయటికొచ్చేసరికి కోర్టు వరండాలో కానిస్టేబుల్ దూరంగా నిలబడి కళ్లు తుడుచుకుంటున్నాడు. అద్దాల పనివాడు మాత్రం కట్టు కట్టిన చెయ్యి ఒంటికి ఆనించుకుని దగ్గరికొచ్చాడు.

"రెండుసార్లు తట్టాలాండీ?"

"అవును."

"ఎక్కడ?"

"ఎక్కడైనా. ఒంటి మీదో, గోడ మీదో."

అతను ఎడమ చేత్తో పక్కనున్న గోడను మెల్లిగా రెండుసార్లు తట్టి చూశాడు. "ఇంతేనా? ముందే తెలిస్తే తట్టేవాణ్ణి కదండీ." అతని గొంతులో కోపం లేదు. రెండు తిట్లు తిట్టినా బాగుండేదనిపించింది మాస్టారికి.

ఆయన పేరు దావాలోనే ఉండిపోయింది. పాఠాలు చెప్పొద్దన్న ఉత్తర్వు ఇంటికి చేరేసరికి ఆయన ఇంట్లో లేడు. పాత స్కూటరు వేసుకుని ఒక్కో పోలీస్ స్టేషనూ తిరుగుతున్నాడు. గుమ్మంలోనే నిలబడి పాత శిష్యుల్ని పిలిచి, "ఆ తట్టడం సంగతి మర్చిపోండిరా. నొప్పి అన్నాడా, వదిలేయండి" అని చెబుతున్నాడు.

"దీనికోసం ఇంత దూరం వచ్చారా మాస్టారూ? లోపలికి రండి, కూర్చోండి, టీ తెప్పిస్తాను" అన్నాడొకడు.

"కూర్చోను. నువ్వు నా చెయ్యి పట్టు" అన్నాడు మాస్టారు.

శిష్యుడు మొహమాటపడుతూనే పట్టి తిప్పాడు.

"అబ్బా, నొప్పి" అన్నాడు మాస్టారు మామూలు గొంతుతో.

శిష్యుడు నవ్వుతూ, వదలకుండా, మాస్టారి రెండో చేతి వంక చూశాడు.