ఖాళీ వీపు

న్యకహూమాకు పళ్లు తక్కువ, నోరు ఎక్కువ. ముట్లుడిగి పదేళ్లయింది కనుక, పెద్ద సరస్సు ఒడ్డున ఇనుము తీసే మగవాళ్లకు కూడు మోసే పని ఆమెకు దక్కింది. కొలిమి రగిలినన్నాళ్లూ వాళ్లు పెళ్లాల మొహం చూడకూడదు. అప్పుడు కొలిమే పెళ్లాం. మట్టితో కట్టి, రెండు రొమ్ములు పెట్టి, ఇనుమును కనమని తిత్తులు ఊదుతారు. ఈడులో ఉన్న ఆడది దగ్గరికొస్తే దాని పురుడు చెడుతుందని వాళ్ల నమ్మకం.

ఆ ఏడు ముసలిదానికి తిండి సయించలేదు. పొలాల్లో సారం పోయింది. కొత్త పారలు చేతికి రాగానే వంశమంతా దక్షిణానికి కదులుతుంది. సమాధుల్లోని పెద్దలకు కల్లు పోయడానికి ఒక ముసలమ్మను వెనక వదిలిపోవడం వాళ్ల ఆచారం. మనవణ్ణో మనవరాలినో వీపున కట్టుకున్నదాన్ని మాత్రం వదలరు. వదిలిన ముసలమ్మ ఎన్నాళ్లు బతికిందో ఇంతవరకూ ఒక్కడూ వెనక్కొచ్చి చూడలేదు.

న్యకహూమా వీపు ఖాళీ. కోడలు తెబా అడవి జనం పిల్ల, కాపురానికొచ్చి మూడేళ్లయినా కడుపు పండలేదు. పక్క గుడిసెలో ఏడాది బిడ్డతో ఒక విధవరాలుంది. తెబా పీడ వదిలితే కొడుకు బిహోగో ఆమెను తెచ్చుకుంటాడు, తన వీపుకు ఒక బిడ్డ దొరుకుతుంది. కూడు మోస్తూ దారి పొడవునా ఆమెకు ఇదే ఆలోచన.

మొదటి కొలిమిలో ఇనుము పడలేదు, పనికిరాని చిట్టెమే దిగింది. తెబా ఊరుకోలేదు.

"అత్తా, వాళ్లు కాల్చే చెట్టు మెత్తనిది. దాని బొగ్గుకి వేడెక్కడిది? వాగవతల గట్టి చెట్లున్నాయని చెప్పవూ?"

"ఓహో! ఎలకల్ని కాల్చుకు తినేదానివి, మా మగాళ్లకి కొలిమి నేర్పుతావా? పోయి రాగులు విసురు, పో!"

రెండోసారీ చిట్టెమే. కొలిమి పెద్ద రుకంబా కూటి గంప పక్కకు నెట్టి ముసలిదాన్ని నిలదీశాడు.

"ఊరికీ కొలిమికీ మధ్య తిరిగేది నువ్వొక్కదానివే. ఎవతె వచ్చిందే ఇటు?"

"నా నోటితో ఎలా చెప్పనయ్యా... మా కోడలే. మొగుడి కోసం వచ్చింది."

"అమ్మా! నేను దాని నీడైనా చూళ్లేదే!" అన్నాడు తిత్తుల దగ్గరున్న బిహోగో. వాడి మాట ఎవడు వింటాడు?

తెబాను జుట్టు పట్టి ఈడ్చుకొచ్చారు. ఆ పిల్ల ఏడవలేదు. రెండు చేతులూ పొట్ట మీద పెట్టుకుంది.

"నాకు మూడో నెల. బిడ్డ కదిలేదాకా నోరు విప్పకూడదు మాలో. కొలిమి కట్టకముందు పడ్డ కడుపిది. నేనిక్కడికి రాలేదు. అత్తా, నువ్వైనా చెప్పు!"

న్యకహూమా వీపుకు బిడ్డ దొరికినట్టే. మనవడు! నిజం చెబుదామని నోరు తెరిచింది. కానీ కొలిమి ముందు అబద్ధమాడినదాన్ని ఆ కొలిమిలోనే తోస్తారు. తెరిచిన నోరు మూసుకుంది. తన ప్రాణం ముందు ఇంకెవరి ప్రాణమూ ఆమెకు కనబడలేదు, ఇందులో దాచేదేముంది.

"కడుపుతో ఉండి కొలిమికి పోటీ వచ్చిందా!" అని రుకంబా గర్జించాడు. రాళ్లు రువ్వుతూ ఆమెను అడవిలోకి తరిమారు. ఒక రాయి నడుముకు తగిలింది. తర్వాత ఆమెను ఎవరూ చూడలేదు.

మూడోసారీ చిట్టెమే దిగింది. బొగ్గు ఆ బొగ్గే మరి. ఇక పాత పారలతోనే బయల్దేరదామన్నారు. విధవరాలి గుమ్మంలోకి న్యకహూమా స్వయంగా వెళ్లింది.

"కొలిమిని చెరిచిన కొంపలో నేను కాలు పెట్టాలా? నీ కోడలి భాగోతం నువ్వే కదమ్మా ఊరంతా చాటావు," అని ఆమె తడిక మూసింది.

కదిలే పొద్దున బిహోగో సమాధుల దగ్గర తల్లి ముందు పెద్దలకు కల్లు కుండ, ఆమె తిండికి కంద మూట పెట్టాడు. వాడి కళ్లు తడిగా ఉన్నాయి. ఆమె వాడి చేయి పట్టుకుంది.

"ఒరేయ్, తెబా కొలిమి దగ్గరికి రాలేదురా. నేనే అబద్ధమాడాను. పోయి వెతకరా, నీ బిడ్డ దాని కడుపులో ఉంది. నేను మోస్తాను, నన్నూ తీసుకుపోరా."

 బిహోగో చేయి విడిపించుకుని, వంగి, కంద మూటను తిరిగి నెత్తికెత్తుకున్నాడు. కల్లు కుండను ముట్టుకోలేదు, అది పెద్దలది.