కాజాల అత్తా, ఒక ఇంగ్లీషు మాటా

కాజాల అత్తకు ఆ పేరు మనుషులు పెట్టలేదు, చేసే పని పెట్టింది. టైలర్ షాపులో చొక్కాలకు చేత్తో కాజాలు కుట్టడం, గుండీలు బిగించడం ఆవిడ పని. మిషను కాజా రెండు ఉతుకులకే పీచులు లేస్తుందనీ, తన కాజా మాత్రం చొక్కా చిరిగినా మిగులుతుందనీ అంటుంది. అనొచ్చు, నిజమే కాబట్టి.

షాపు పైన మేడగది ఆవిడది. ఒక మంచం, ఒక కుర్చీ, ఒక కంచం, ఒక గ్లాసు. గోడకు మేకు ఉంది, మేకుకు ఏమీ లేదు. మొగుడు పోయిన కొత్తలో "వదినా, వదినా" అంటూ నోట్లోంచి తేనె కారుస్తూ వచ్చిన మరుదులు, ఆస్తి ఆస్తి అంటూ ఇల్లంతా ఊడ్చుకుపోయారు. గోడ గడియారాన్ని కూడా, అది ఆడుతుండగానే, చంకలో పెట్టుకుపోయారు. అప్పటినుంచీ మరొకరికి మోసుకుపోవాలనిపించే వస్తువేదీ ఆవిడ కొనలేదు. ముఖం కూడా అలాగే పెట్టుకుంది, చూసినవాళ్లకు ఇక్కడేమీ దొరకదని తెలిసిపోయేలా.

అలాంటి గదిలోకి సాయంత్రాలు ఒక పిల్ల రావడం మొదలుపెట్టింది. షాపు యజమాని టైలర్ మాస్టరు కూతురు. డిగ్రీ అయింది, ఇంటర్వ్యూలకు తిరుగుతోంది, ఇంగ్లీషు అనేసరికి నోరు పెగలదు. ఇంట్లో చదువుకుందామంటే టీవీ గోల, తమ్ముళ్ల కుస్తీలు.

"అత్తా, నీ గదిలో కూర్చుని చదువుకోనా?"

"కూర్చో. ఉన్నదొక్కటే కుర్చీ, విరగ్గొట్టకు."

పిల్ల కుర్చీలో, అత్త మంచం మీద. పిల్ల పైకి చదివేది, అత్త కిటికీ వెలుగులో కాజాలు కుట్టేది. ఒక్క ముక్క అర్థమైతే ఒట్టు. అయినా గదిలో మరో గొంతు ఉంటే ఆ పాడు గోడలు కూడా కాస్త దగ్గరకు జరిగినట్టుండేవి. మునుపు చీకటిపడేదాకా షాపులోనే కూర్చునే మనిషి, ఇప్పుడు పొద్దు వాలకముందే మెట్లెక్కేది. "నీకోసమేం కాదు, నా కాళ్లు లాగుతున్నాయి" అనేది, ఎవరూ అడక్కుండానే.

వెళ్లేటప్పుడు పిల్ల గుమ్మంలో ఆగి "వస్తా అత్తా" అనేది.

"పో, పో. రాకపోతే నాకేం నష్టం?"

మర్నాడు మళ్లీ వచ్చేది.

పిల్లకు ఇంగ్లీషు చెప్పే టీచరమ్మ ఒక పద్ధతి పెట్టింది. రోజుకొక కొత్త మాట నేర్చుకోవాలి, ఆ రోజంతా కంటికి కనిపించినదానికల్లా దాన్ని తగిలించి మాట్లాడాలి. ఒక సాయంత్రం పిల్ల మెట్ల మీద నిలబడి స్నేహితురాలితో ఫోనులో ఆ పనే చేస్తోంది. "హర్ రూమ్ ఈజ్ ఆస్టియర్" అంది. తర్వాత కిసుక్కున నవ్వి, "రూమ్ ఏంటే, మా అత్త మొత్తం ఆస్టియరే!" అంది.

లోపల కాజాల అత్త చేతిలో సూది ఆగిపోయింది. రూమ్ అంటే ఆవిడకు తెలుసు. అత్త అంటే తానే. ఇక మధ్యలో వినబడింది ఆస్తి. ఆ మాట ఏ భాషలో విన్నా ఆవిడకు మరుదులే కనబడతారు.

"ఎవరితోనే, నా ఆస్తి గురించి?"

"ఆస్తా? ఏ ఆస్తి అత్తా?"

"నా చెవులకేం గుండీలు పెట్టుకోలేదు."

"అయ్యో, అది ఇంగ్లీషు మాట అత్తా..."

"ఇంగ్లీషులో లాక్కున్నా తెలుగులో లాక్కున్నా లాక్కోవడమే. మీ నాన్న పంపాడా? ఈ మంచం కావాలా? ఈ కుర్చీ కావాలా? పట్టుకుపో!"

పిల్ల ముఖం మాడిపోయింది. పుస్తకాలు గుండెకు అదుముకుని దిగిపోయింది. ఆ రోజు "వస్తా" అనలేదు.

మర్నాడు షాపులో మాస్టరు బట్ట కత్తిరిస్తూ, తల ఎత్తకుండానే అన్నాడు: "అక్కా, మా పిల్ల ముక్కు చీదుకుంటూనే పడుకుంది. అది ఆస్తి కాదట. ఆస్టియర్ అట."

"అంటే?"

"హంగూ ఆర్భాటం లేకుండా, సాదాగా ఉండేదట. మనిషినంటే, నవ్వని ముఖమట, కాస్త కరుకట." మాస్టరు ముసిముసిగా నవ్వుతూ జేబు లేని తెల్ల చొక్కా ఎత్తి చూపించాడు. "ఇదిగో, ఇలా అనుకో."

కాజాల అత్తకు తల కొట్టేసినట్టయింది. ఏమీ లేదని చెప్పే మాట పట్టుకుని, ఏదో ఉందనుకుని, పిల్లను గెంటేసింది. దొంగలు పడ్డారని కేకలు వేసి, వచ్చిన చుట్టాన్ని తరిమినట్టు. ఆ పూట సూది వేలికి గుచ్చుకుంటే కూడా కిక్కురుమనలేదు.

వెళ్లి పిల్లతో "పొరపాటైంది" అంటే సరిపోయేది. కానీ ఆ మాట ఆవిడ నోట పుట్టి ఎరగదు. పిల్ల లైబ్రరీకి వెళ్లి చదువుకుంటోందని మాస్టరు చెప్పాడు. సాయంత్రాలు మేడగదిలో అత్త మంచం మీదే కూర్చునేది, కుర్చీ ఖాళీగానే ఉండేది. ఎవరూ ఎత్తుకుపోలేని గది అని ఇన్నాళ్లూ మురిసిపోయింది. ఇప్పుడు చూస్తే ఎవరూ రానక్కర్లేని గది.

గోడవైపు తిరిగి పలికి చూసుకునేది. "ఆస్... టి... యర్." నోరు తిరిగాక ఆ మాటను షాపులో ప్రతిదానికీ తగిలించింది. చారల్లేని గుడ్డ ఆస్టియర్. చక్కెర తక్కువైన టీ ఆస్టియర్.

"టీని అలా అనరేమో అక్కా" అని మాస్టరు పడీపడీ నవ్వాడు.

"నా టీ, నా ఇష్టం. ఇంటికెళ్లి చెప్పుకో."

చెప్పాలనే ఆవిడ అన్నది. ఆయన చెప్పాడు కూడా.

కొన్నాళ్లకు పిల్ల షాపు గుమ్మంలోకి వచ్చింది, చేతిలో గుండీ ఊడిన తెల్ల చొక్కాతో. కాజాల అత్త చొక్కా అందుకుంది, గుండీ బిగించింది, పంటితో దారం తెంపింది. దాచుకున్నదంతా అప్పుడు, పిల్ల ముఖం చూడకుండా, ఒక్కసారే బయటపెట్టింది.

"ఐ ఆస్టియర్. రూమ్ ఆస్టియర్. యూ కమ్."

పిల్లకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. "తప్పులున్నాయి అత్తా."

"ఉంటాయి మరి. దిద్దే మనిషి లేకపోతే?"

పిల్ల చొక్కా మడతపెట్టుకుంటూ నిలబడింది. "ఉద్యోగం వచ్చింది అత్తా. రేపటినుంచే. డ్యూటీ సాయంత్రాలు."

"సాయంత్రాలా?"

"ఊఁ."

"మంచిది. గుండీ గట్టిగానే వేశాలే, ఊడదు."

పిల్ల గుమ్మం దాటబోతూ వెనక్కి తిరిగింది. "వస్తా అత్తా."

పో, పో అనాలి. నోట్లోంచి రాలేదు.

ఆ సాయంత్రం మేడగదిలో కూర్చుని వస్తా అనే ఆ మాటనే తిరగేసి మరగేసి చూసుకుంది. వెళ్లిపోయేవాళ్లూ వస్తా అంటారు, వచ్చేవాళ్లూ వస్తా అంటారు. ఇది ఇంగ్లీషు కూడా కాదు, పుట్టినప్పటినుంచీ వింటున్న మాట. అయినా ఇది ఏ వస్తానో తేలలేదు. మాట తప్పుగా వినడం ఎలా ఉంటుందో ఒకసారి చూసింది, చాలు.

లేచి కుర్చీ దుమ్ము తుడిచి, కిటికీ దగ్గరకు జరిపింది. తలుపు దగ్గరకు వేసింది కానీ గడియ పెట్టలేదు.